నాలుగో దినం

పద్మాక్షి గుట్ట మెట్లకు
నా సంగతి మొత్తం ఎరుకే.
మూడు నెలలు, పొద్దుగాల నాలుగున్నరకు
వీపు మీద పది కిలోల బియ్యం సంచితోటి
ఎక్కిన, దిగిన, మళ్ల ఎక్కిన.
పూలమ్మే కొంరమ్మ అడిగింది:
"ఏం మొక్కుకున్నవ్ బిడ్డా, గింత బరువు?"
మొక్కు గాదు, ట్రెక్కు అన్న.
ఆమెకు రెండూ ఒక్కతీరుగనే వినవడ్డయి.

నలభై మూడేండ్ల స్టాఫ్ నర్సును.
పెద్ద దవాఖానల ఇరవై ఏండ్ల సంది
ఎవరెవరియో ఊపిరులు లెక్కవెట్టినదాన్ని.

మొదటి మూడు దినాలు మాటలల్ల పోయినయి,
దేవదారు వాసన, రోజూ అదే పప్పు,
పుణె పోరగాండ్ల అంత్యాక్షరి.
నాలుగో దినం కనుమ దాటాలె.
రాత్రి రెండింటికి లేపిండు కుందన్.
గైడు. మా ఆడబిడ్డ కొడుకంత ఉంటడు.
సీసల నీళ్లు రాయైనయి.
బూట్ల తాళ్లు కట్టుకోను వంగితే
లేవనీకి పదిహేను ఊపిరులు పట్టినయి.
లెక్కవెట్టిన. అలవాటు.

పదహారు వేల అడుగుల ఎత్తుల
గాలి వస్తది గానీ దాంట్ల ఏం లేదు.
ఎవరో నమిలేసిన చెరుకు పిప్పిని
మళ్ల నమిలినట్టు.

పది అడుగులు, ఆగుడు.
ఏడు, ఆగుడు.
నాలుగు.
హెడ్‌లైటు వెలుగుల ముందటోని మడమ తప్ప
లోకంల ఇంకేం లేదు.
గుట్టను యాది చేసుకున్న:
ఇగో ఇక్కడ కొంరమ్మ గంప,
ఇక్కడ కోతుల మలుపు,
ఇక్కడ రాతిల కన్నుమూసి కూసున్న జైన మునులు.
ఆ లెక్కల గుట్ట అయిపోయింది.
కొండ అయిపోలే.

కుందన్ నా వేలుకు క్లిప్పు పెట్టి చూసిండు.
డెబ్బై ఒకటి.
నా వార్డుల ఆ అంకె కనవడితే
సిలిండర్ దొర్లించుకుంట ఉరుకుతుంటి.
వాడు నవ్విండు:
"మంచిగనే ఉంది దీదీ, నడువు."

అప్పుడు యాదికొచ్చింది పద్నాలుగో మంచం.
రేగొండ దిక్కు పత్తి రైతు, ఓదెలు.
ఆ పాడు ఎండకాలంల
మాస్కు మీదికెల్లి కండ్లు ఇంతింత చేసి చూస్తుంటే
ప్లాస్టిక్ అంగీల నిండ చెమటతోటి నేను ఒర్రిన:
"గట్టిగ పీల్చే ఓదెలన్నా.
ఇంకొక్కటి. ఇంకొక్కటే, ఏం గాదు."

ఇంకొక్కటి.
చాయల ఇంకో చెంచ చక్కెరెయ్యి అన్నంత
అలకగ అన్న.
ఆయన ఎక్కుతున్న కొండ ఎంతెత్తో
నేను చూడనన్నా చూడలే.
కింద నిలవడి
రా, రా అని చెయ్యి ఊపినదాన్ని.

ఏడువలే.
ఏడువాలంటే గూడ గాలి గావాలె.

పదకొండుంబావుకు కనుమ మీదికొచ్చినం.
మొత్తం మంచు మొగులు, ఏం కనవడలే.
ఏడు నిమిషాలు ఉండనిచ్చిండు కుందన్.
పిల్లలు జెండా పట్టుకొని ఫోటోలు దిగిండ్రు.
నేనొక రాయి మీద కూసొని
జేబులకెల్లి నువ్వుల ముద్ద తీస్తే
అది గూడ రాయే. చప్పరించిన.
ఓదెలు ఏమైండని మాత్రం
నన్ను అడుగకుండ్రి.

దిగుడు గురించి ఎవ్వరు చెప్పరు.
మోకాళ్లు నాయి కావు,
ఎవలియో కిరాయికి తెచ్చుకున్నట్టు
దించుకుంట దించుకుంట పోయిన
సాయంత్రందాక.

ఇప్పుడు డ్యూటీల
గట్టిగ పీల్చు అనుడు బంద్ చేసిన.
స్టూలు గుంజుకొని మంచం పక్కన కూసుంట.
వాళ్లొకటి పీలిస్తే నేనొకటి.
వాళ్లాగితే ఆగుత.
"కొండెక్కొచ్చి నీకు కుర్చీ అలవాటైంది,
బీపీలెవలు చూస్తరు?"
అని హెడ్ నర్సు స్వరూప మేడం గులుగుతది.
నిజమే, చూడాలె. లేస్త.

మొన్న గుట్టకు ఉత్త వీపుతోటి పోయిన.
కొంరమ్మ నన్ను చూసింది, నా ఎనుక చూసింది.
"బియ్యమేమాయె?"
పురుగు పట్టినయి అవ్వా.
డాబా మీద ఎండవోసిన.
పొద్దుమీకి చెరిగి, ఏరి
ఒక గిలాసెడు వండుకోవాలె.