చేప వాసన

దార్ఖాన్‌లో ఆ పొద్దున మైనస్ ముప్పై రెండు.
దొర్జ్‌పలాం తన డెలికాను లారీకి కట్టి ఈడ్పించుకొచ్చాడు.
తొంభై నాలుగు మోడల్. కుడివైపు స్టీరింగు,
అద్దం మీద ఇంకా చెరగని ఒసాకా ఆసుపత్రి పార్కింగ్ స్టిక్కరు.
"వేడిగా ఉంటే నడుస్తుంది, చల్లబడితే చస్తుంది,
ఒక్కోసారి రెండూ కాదు" అన్నాడు,
నొప్పి ఎక్కడంటే ఒళ్లంతా చూపించే రోగిలాగా.

మూడు రోజులు చూశాం.
ప్లగ్గులు మార్చాం. పెట్రోలు పంపు బాగానే మూలుగుతోంది.
స్పార్కు ఉంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు.
ఐడిల్ వాల్వు విప్పి కడిగితే
మసి నా గోళ్లలోకి వచ్చింది గానీ
జబ్బు బయటికి రాలేదు.

ఇప్పటి స్కానరుకు ఈ బండి భాష రాదు.
డాష్‌బోర్డు కింద పన్నెండు గళ్ల ప్లగ్గు ఒకటుంటుంది.
ఒకటో గడిని తీగముక్కతో ఎర్తుకు కలిపితే
మీటర్లో పసుపు దీపం తన బాధ తానే చెప్పుకుంటుంది:
పొడుగు మెరుపులు పదులు, పొట్టివి ఒకట్లు.
పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.
దీపం వెలిగింది. అలాగే ఉండిపోయింది.
అంకె లేదు, రెప్పపాటు లేదు,
మాట పడిపోయిన మనిషి కళ్లు తెరుచుకుని చూస్తున్నట్టు.

"చెప్పాల్సినవాడికే జబ్బు" అన్నాడు మా మేస్త్రి బాత్సూరి.
మూడు రోజులుగా సెన్సర్లను తిట్టాం కదా,
సాక్షులను చితకబాది
తీర్పు చెప్పేవాణ్ణి వదిలేశాం.

గ్లవ్‌బాక్సు వెనక, రెండు అరచేతులంత అల్యూమినియం పెట్టె.
నాలుగు స్క్రూలు. మూత తీయగానే
ఏదో వాసన.
మేస్త్రి వెనక్కి జరిగాడు. నేను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.
కాలిన రబ్బరు కాదు, గేరు నూనె కాదు, గొర్రె కొవ్వు కాదు.
నా పంతొమ్మిదేళ్లలో దానికి పేరు లేదు.

పక్క కంటైనర్లో టీవీలు బాగుచేసే ఖొర్లో అవ్వను పిలిచాం.
గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది.
"చేప" అంది.
నవ్వాం. ఎటు వెయ్యి కిలోమీటర్లు పోయినా
సముద్రం తగలని ఊరు మాది.
ఏట్లో చేపలున్నా మా ఇంట్లో ఎవరూ ముట్టరు.

ఆమె నవ్వలేదు.
ఇర్కుత్స్క్‌లో రేడియోల చదువట, ఇరవై ఏళ్ల వయసట,
బైకాల్ ఒడ్డున రైలాగితే
పొగబెట్టిన ఓముల్ చేపలు కాగితాల్లో చుట్టి అమ్మేవారట.
కొనిపెట్టింది ఎవరో ఒకతను.
అతని పేరు చెప్పలేదు,
చేప పేరు మాత్రం రెండుసార్లు చెప్పింది.

"కెపాసిటర్లు కారాయి" అంది తర్వాత, అదే గొంతుతో.
మూడు బుల్లి డబ్బాలు, వాటి కాళ్ల చుట్టూ గోధుమరంగు చెమ్మ,
ఆ కింద వెంట్రుకంత రాగి దారి
చిలుమెక్కి, చిలుమెక్కి, ఒకచోట అసలు లేదు.
ముప్పై ఏళ్లుగా ఏ రాత్రి ఎంత కారిందో
ఎవరు చూడొచ్చారు?

సీసా అడుగున మిగిలిన ఆర్ఖితో కడిగింది,
రెండు మూతలు బోర్డుకి, ఒకటి తనకి.
కొత్తవి రెండే దొరికాయి.
మూడోది చచ్చిపోయిన టీవీలోంచి.
"ఎండాకాలం దాకా ఆగుతుంది, ఆపైన దాని ఇష్టం."
ప్లస్ ఏ వైపో నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.
తెగిన దారికి తీగ వంతెన వేస్తుంటే
సోల్డరు ముత్యమై నిలిచేదాకా
ఇద్దరం ఊపిరి తీయలేదు.

మళ్లీ తీగముక్క, మళ్లీ ఒకటో గడి.
దీపం వెలిగింది. ఆరింది. వెలిగింది. ఆరింది.
పొడుగూ పొట్టీ లేని ఒకే నడక,
ఏ తప్పూ లేదని దాని అర్థం.
నాలుగో తిప్పుకి ఇంజను అందుకుంది,
కొంచెం నత్తితో.

"ఇంతకీ ఏమైందట?" డబ్బు లెక్కపెడుతూ అడిగాడు దొర్జ్‌పలాం.
"మతిమరుపు" అన్నాడు మేస్త్రి.

ఖొర్లో అవ్వ ఆ పాత డబ్బాలు మూడూ
కాగితంలో పొట్లం కట్టి
కోటు లోపలి జేబులో వేసుకుంది.
ఎందుకవ్వా అంటే
"మీ చెత్తబుట్ట కంపు కొడుతుంది" అంది.