నలభై రెండో పేజీ

ఎనిడ్ ఎంట్‌విసిల్ మనుషుల్ని గురువారాల్లో చంపేది.
శుక్రవారం పొద్దున్నే
మూడు కార్బన్ కాపీలతో
వాళ్ల చావు నేను టైపు చేసేదాన్ని.

సామర్లకోటలో హయ్యర్ పాసైన వేళ్లు నావి.
సాల్ఫర్డ్‌లో, నది కనబడని కిటికీ పక్కన,
నా ఇంటిపేరు నోరు తిరగక
"మిసెస్ వీ" అన్నారు.
సరేలే అనుకున్నాను.
జీతం ఆ పేరు మీదే వచ్చేది.

కాలవ గట్టు మీద ఒక అద్దెల ఇల్లు,
ఇంటావిడ మిసెస్ క్లెగ్, మేడ మీద నలుగురు.
వారానికి రెండు రాత్రులు, అరగంట చొప్పున
పంతొమ్మిదేళ్లు రాసింది ఎనిడ్.
అంతకు ముందు నూలు మిల్లు క్యాంటీన్‌లో లెక్కలు రాసేదట.
మొదటి స్క్రిప్టు పంపినప్పుడు
పేరులో 'ఈ' అని మాత్రమే వేసింది, మగాడనుకోవాలని.
అనుకున్నారు. డబ్బిచ్చేటప్పుడు చూసి, సగమే ఇచ్చారు.
తెర మీద ఆ పేరు మూడు సెకన్లు.
వాళ్లమ్మ కళ్లజోడు వెతుక్కునేలోగా అయిపోయేది.

నటుడు జీతం పెంచమంటే కథలో న్యుమోనియా.
పెంచితే, అది వట్టి జలుబు.
ఒకసారి పాత్ర పోతే స్టూడియోకి పూలచక్రాలొచ్చాయి,
నిజం పూలు.
వాటి పక్కనే కూర్చుని శాండ్‌విచ్ తింటూ అంది:
"ఏడవడం వాళ్ల పని, మిసెస్ వీ.
కామా ఎక్కడ పెట్టాలో చూడ్డం మన పని."

కోడి గెలికినట్టుండే రాత.
కొట్టేసిన మాటలు కూడా చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే.
"నువ్వు లేకుండా బతకలేను" కొట్టేసి
"తలుపేసెయ్, చలి" అని రాసేది.
మనుషులు అసలు మాట చెప్పరు,
దాని పక్కింటి మాట చెబుతారు.

డెబ్బై నాలుగు, ఫిబ్రవరి. కరెంటు కోతల రోజులు.
ఫోన్ మోగింది.
హెరాల్డ్ బస్టాపులో పడిపోయాడట.
ఎనిడ్ కోటు గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని వెళ్లిపోయింది.
బల్ల మీద నలభై రెండో పేజీ.
భార్యని పూడ్చి వచ్చిన ఆర్నాల్డ్ ముందు
మిసెస్ క్లెగ్ పళ్లెం పెడుతుంది.
అతను ముట్టడు.
మిసెస్ క్లెగ్:
ఆ రెండు చుక్కల తర్వాత ఏమీ లేదు.

ప్రొడ్యూసర్ పికప్ రెండుసార్లు గుమ్మంలోకొచ్చి
చేతి గడియారం చూసుకుని పోయాడు.
నా వేళ్లకి ఆగే అలవాటు లేదు.
మా చిన్నాన్న పోయిన రోజు
మేనత్త అందరి ముందూ విస్తళ్లు వేస్తూ అన్న మాట
ఇంగ్లీషులోకి దింపి, కాస్త ఆ ఊరి యాస అద్దాను:
ఆకలి రుచెరగదు తిను.

తొంభై లక్షల మంది చూస్తుండగా
ఆర్నాల్డ్ తిన్నాడు.

పదకొండు రోజులకి నల్లకోటుతో వచ్చింది ఎనిడ్.
ఫైలు తిరగేస్తూ నలభై రెండు దగ్గర ఆగింది.
పెన్సిల్ తీసింది.
నా ఉద్యోగం ఆ మొన మీద ఉంది.
"రుచెరగదు" తర్వాత ఒక కామా పెట్టింది,
ప్రసారమైపోయిన పేజీలో,
ఇక ఎవరికీ పనికిరాని కామా.
"ఎవరిదీ మాట?"
"మా మేనత్తది."
"ఆవిణ్ణి ముందే పనిలో పెట్టుకోవాల్సింది" అని
కొత్త కాగితం అందుకుంది.
హెరాల్డ్ మాట ఇద్దరం ఎత్తలేదు.
కిటికీ వేశాను. చలిగా ఉంది.

టేపులు ఖరీదని తర్వాత వాటినే తుడిచి
గుర్రప్పందేలు ఎక్కించారు.
ఆమె పేరున్న మూడు సెకన్ల మీదుగా
ఏ గోధుమరంగు గుర్రమో పరిగెత్తి ఉంటుంది.
తను పోయినప్పుడు పేపర్లో నాలుగు లైన్లు,
రెండు అచ్చుతప్పులు.

మొన్న బరీ మార్కెట్లో
మనవరాలు పై ముక్క వద్దని మూతి తిప్పితే
దుకాణం ముసలాయన అన్నాడు:
"ఆకలి రుచెరగదమ్మా, తిను.
మా అమ్మ అనేది. అచ్చంగా ఈ ఊరి సామెత."

నేను చిల్లర లెక్కపెట్టుకుంటూ
"అవును, చాలా పాతది" అన్నాను.
కామా దగ్గర సరిగ్గా ఆగాడు.