ఏడున్నర దగ్గర

ఏడున్నర కేజీల దగ్గర నోరు తెరవాల్సిన వాల్వు
తొమ్మిదికి కూడా తెరవలేదు.
గేజీలో ముల్లు ఎర్రగీత దాటి వణుకుతుంటే
సింహాద్రి పొయ్యిలోంచి జీడితొక్కు నిప్పంతా బయటకి లాగేసి
కాశీబుగ్గ రోడ్డు దాకా పరిగెత్తాడట.
మర్నాడు మాకు కబురొచ్చింది.

గొండు కూర్మయ్య ఎక్కడికెళ్లినా
సైకిలు దిగేముందే చెవి దింపుతాడు.
చల్లారిన బాయిలరు పక్కన కూడా
చాలాసేపు నిలబడ్డాడు.
వెనక నేను, సంచీ మోసేవాణ్ణి:
అద్దం పలక, రుబ్బే పేస్టు, సీసం బిళ్లలు.

లివరుకి బైండింగు వైరు. మూడు చుట్లు.
దాని మీద ఇటుక.
ఎవరు కట్టేరంటే
ఎవరూ కట్టలేదు.
పలాసలో వైర్లు వాటంతటవే మొలుస్తాయి కాబోలు.

"సీజనంతా ఈలేస్తంది. ఆవిరి పోతే తొక్కు పోద్ది,
తొక్కు పోతే డబ్బు పోద్ది" అన్నాడు
తంగుడు జోగారావు షావుకారు, ఇటుక వైపు చూడకుండా.
"సీటు మీద గోటిగీతంత గాటుంది.
గాటు తీయించాల. నువ్వు పీక కట్టీసినావు."

విప్పాం.
సముద్రం ఎక్కడో బారువ వైపు,
దాని ఉప్పు మాత్రం స్ప్రింగు చుట్టల మధ్య.
పేరుపలక మీద అక్షరాలు లేవు,
కంచరపాలెం పాత సామాన్ల కొట్టులో తూకానికి కొన్నది మరి.
కూర్మయ్య గొంతులో వేలు పెట్టి కొలిచి
గోడ మీద బొగ్గుతో లెక్క వేశాడు.
గంటకి ఆరొందల కేజీల ఆవిరి పుట్టే చోట
మూడొందలు పోయే దారి.
"మిగతా మూడొందలూ ఎటెల్తాయి, షావుకారూ?"

జోగారావు గోడ చూశాడు.
తర్వాత, గోడ అవతల
పిక్కలు కొట్టే డెబ్బయి మంది ఆడవాళ్ల చప్పుడు విన్నాడు.

"అయితే బాగా పెద్దదే తెప్పించీమా?"
"వద్దు. మరీ పెద్దదైతే
తెరిచి మూసి తెరిచి మూసి
తన సీటు తానే కొట్టుకు చస్తాది.
దీనికి ఎంత కావాలో అంతే."

వారం పట్టింది కొత్తది రావడానికి.
బిగించే రోజు బడే దాలమ్మ
చేతులకి బూడిద పూసుకుంటూ వచ్చి
"ఆ గొట్టం మా కొళాయి వేపేటి సూస్తంది?" అంది.
ఇన్స్పెక్టరు అడగని ప్రశ్న.
నేనూ అడగనిది.
గొట్టాన్ని ఆకాశానికి తిప్పాం.
వాన నీరు నిలవకుండా మలుపు కింద
చిన్న బెజ్జం వేశాం.

మంట వేశారు.
ఆరు. ఏడు. ఏడుంపావు.
ఏడున్నర
తొక్కుగుట్ట మీది కాకులన్నీ ఒక్కసారే లేచాయి.
షావుకారు చెవులు మూసుకుని కూర్చుండిపోయాడు.
అవతల పిక్కలు కొట్టే చప్పుడు ఆగింది.
ముల్లు వెనక్కి జారి ఏడు పైన ఉండగానే
ఠక్కున మూసుకుంది. చుక్క కారలేదు.

సీసం బిళ్ల నొక్కాడు కూర్మయ్య.
"నెలకోపాలి లివరు లాగు, సింహాద్రీ.
బుక్కులో రాయి. రాయకపోతే లాగనట్టే."

"రోజూ ఇలాగే అరుస్తాదేటి బాబూ?"
"నేదమ్మా. అన్నీ బాగుంటే
దీని గొంతు మీరెవరూ వినరు."

దాలమ్మ కాసేపు ఆలోచించింది.
"మరి బతికుందో నేదో
ఎలాగ తెలుస్తాది?"

కూర్మయ్య నా వైపు చూశాడు.
నేను కొత్త పుస్తకం తెరిచి
మొదటి తేదీ వేశాను.