ఎందుకో తెలీదు, తీసెయ్యొద్దు

ఓలెసున్ రేవులో నవంబరు.
మూడున్నరకే దీపాలు పెట్టేశారు.
ఉప్పు చేపల షెడ్డు పై అంతస్తులో
సీగ్రున్ నాలుగోసారి బిల్డ్ నొక్కింది.
నూట పన్నెండు హెచ్చరికలు.
నిన్న నూట పధ్నాలుగు.
"నయమే," అంది
జ్వరం చూసిన నర్సులా.

మా పాకేజీ ఒక చేతిని నడుపుతుంది.
ఆరు కీళ్ళ చెయ్యి, కాడ్ చేపను
తోక పట్టి తిప్పి బల్ల మీద పరుస్తుంది.
పదకొండేళ్ళుగా పరుస్తోంది.
ఎలా పరుస్తుందో మాత్రం ఓడ్‌వార్ తలలో ఉంది.
ఆ తల మార్చిలో రిటైరైంది,
తొమ్మిది వేల లైన్లూ
పిడి విరిగిన స్క్రూడ్రైవరూ మాకు వదిలి.

రాసినవి కాసిని కాగితాలు లేకపోలేదు.
"వివరాలకు కింద చూడండి" అంటుంది ఒక వాక్యం.
కింద చూస్తే "పైన చెప్పినట్టు" అని ఉంటుంది.
పైన ఎవరూ ఏమీ చెప్పలేదు.
అద్దెవాళ్ళు ఖాళీ చేసిన వాటాలో
కాలింగ్ బెల్లు నొక్కుతున్నట్టు
సీగ్రున్ ఆ లంకెలన్నీ నొక్కింది.
పలకని వాటిని పీకేసింది.

అప్పుడు దొరికిందా లైను.
పిడికిలి ముడిచేముందు చెయ్యి
సెకనులో మూడోవంతు, ఇంకాస్త, ఆగుతుంది.
పక్కనే ఎవరిదో గమనిక:
ఎందుకో తెలీదు, తీసెయ్యొద్దు.

మోటారుకి ఆ ఆగడం అక్కర్లేదు. కెమెరాకీ అక్కర్లేదు.
షిఫ్టుకి నాలుగు వేల చేపలు,
అంటే ఇరవై మూడు నిమిషాలు గాల్లోకి.
"విరామం: సున్నా పాయింటు మూడు ఐదు"
అని ఒక్క ముక్క రాసి పేజీ తిప్పేయొచ్చు.
నేనైతే తిప్పేసేవాణ్ణే.
సీగ్రున్ కోటు తొడుక్కుంది.

ఓడ్‌వార్ పడవ బోర్లించి
అడుగున ఎర్రరంగు పూస్తున్నాడు.
ప్రశ్న వినగానే కుంచె ఆపాడు.
"దంగ్వోలె," అన్నాడు.

లిథువేనియా నుంచి వచ్చిన మనిషి. బల్ల చివర నిలబడేది.
చేప వంకరగా వస్తే
ఇనుప చెయ్యి ముడుచుకునేలోపు
తన చెయ్యి పెట్టి సర్దేది.
వద్దంటే నవ్వేది. కంచె కడితే పైనుంచి వంగేది.
వంకర చేప ఆమెకి, ఏం చెప్పను,
తలుపు వారగా వదిలేసినట్టు.
మనిషి చేయి చేసుకుంటే తర్వాత సారీ చెప్పుకోవచ్చు,
ఇనుముకి ఆ మాట రాదు.
ఓడ్‌వార్ ఒక రోజంతా స్టాప్‌వాచీతో నిలబడి
ఆ చెయ్యి వెళ్ళి వచ్చే వేగం కొలిచాడు.
కొలిచింది రాశాడు. ఎవరిదో రాయలేదు.
"కోడులో మనిషి పేరేంటి, బావుండదని."

ఆరేళ్ళయింది ఆమె వెళ్ళిపోయి.
ఇప్పుడు చుట్టూ అద్దాల గది.
ఏ చెయ్యీ లోపలికి పోదు.
"అయితే తీసెయ్యొచ్చా?" అడిగింది సీగ్రున్.
అతను మళ్ళీ కుంచె ముంచాడు.
"ఇక్కడైతే తీసెయ్యొచ్చు."

ఆ రాత్రి ఆమె పొల్లు పోకుండా రాసింది:
ఈ వ్యవధి దంగ్వోలె అనే కార్మికురాలి చేతికోసం.
మీ బల్ల దగ్గర ఎవరి చెయ్యైనా అడ్డొస్తుంటే ఉంచండి.
వాళ్ళ వేగం మీరే కొలవండి, మా అంకె నమ్మకండి.
ఎవరూ లేకపోతే సున్నా చేయండి.
ఎందుకో తెలీదన్న గమనికను కొట్టేసింది.

అర్ధరాత్రి దాటాక బిల్డ్.
ఒకే ఒక్క హెచ్చరిక:
"దంగ్వోలె: ఈ మాట నిఘంటువులో లేదు.
మీ ఉద్దేశం..." అంటూ ఏవో రెండు కూరగాయల పేర్లు.

కాఫీ చల్లారిపోయింది.
సీగ్రున్ "చేర్చు" నొక్కింది.
తర్వాత "ప్రచురించు".

కింద రాత్రి షిఫ్టులో
పాత కోడే నడుస్తోంది ఇంకా.
చేప, ఆగడం, పట్టు.
చేప, ఆగడం,