రెండూ ఒకటేగా

వస్త్రలతలో మా కొట్టు ఆరడుగుల వెడల్పు.
నేనూ షమీమూ ఇరవై రెండేళ్లుగా
అందులో పక్కపక్కనే నిలబడి
జాకెట్టు ముక్కలు కోస్తున్నాం.

ఎరుపంటే మా దగ్గర ఒక ఎరుపు కాదు.
మిరపపండు ఉంది, కుంకుమ ఉంది, దానిమ్మ గింజ ఉంది,
ఇటుకపొడి, పారాణి, తాంబూలం నమిలిన నోరు,
ఇంకా పేరు పెట్టనివి ఓ పదకొండు.
"రెండూ ఒకటేగా" అన్నవాళ్లని
చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి లాక్కొస్తుంది షమీమ్.
ట్యూబులైటు అబద్ధాలాడుతుందమ్మా,
ఎండలో పెట్టి చూడు, అంటుంది.

అలాంటి మేం
మొన్న చీటీ డబ్బులు చేతికొచ్చాక
గవర్నరుపేటలో రెండో అంతస్తు మెట్లెక్కి
రెండు ఓడల ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాం.

ఒకదాని పేరు నీలిమ. ఇంకోటి నీరజ.
ఒకే కార్ఖానాలో, ఒకే గీతల మీద కట్టారట.
పదకొండు అంతస్తులు దానికీ, దీనికీ.
విశాఖలో ఎక్కి ఐదు రాత్రులు నీళ్ల మీద.
పొద్దున ఇడ్లీ రెండింట్లోనూ ఉంది,
మధ్యాహ్నం గోంగూర రెండింట్లోనూ లేదు.
తేడా నాలుగు వందల రూపాయలు,
అదీ ఎందుకో తిన్నగా చెప్పడు
టిక్కెట్లు రాసే కుర్రాడు.
పేరు మోజెస్. పాపం,
సముద్రాన్ని రెండు పాయలు చెయ్యమన్లేదు మేం,
రెండు ఓడల్ని విడదీసి చూపమన్నాం.

"దీనికి జారుడుబల్ల పసుపు మేడమ్, దానికి నీలం."
జారే వయసా మాది?
"దీంట్లో రోజూ రాత్రి మ్యాజిక్ షో. దాంట్లో... దాంట్లో కూడా."

షమీమ్ బొమ్మల కాగితాలు రెండూ లాక్కుంది.
బట్టని తడిమినట్టే వేళ్లతో తడిమింది.
"ఏయ్ రాజ్యం, ఇటు చూడు.
ఈత కొలను పక్కన ఈ పిల్లే ఆ పిల్ల.
తువాలు రంగు మార్చారంతే."
నిజమే. అదే నవ్వు, అదే తడి జుట్టు,
నీలిమలో నెమలికంఠం, నీరజలో చిలకపచ్చ.
మాకు చూపించింది ఒక్క ఓడనే, రెండుసార్లు.

కాగితాలు పట్టుకుని మెట్లు దిగాం.
ఏలూరు రోడ్డు మీద ఒంటిగంట ఎండ.
చెరుకురసం బండి పక్కన నిలబడి
ఒకటి నేను, ఒకటి తను, చాచి పట్టుకున్నాం.
ఆటోవాడు బేరమనుకుని ఆగాడు.
బెజవాడ ఎండ దేన్నైనా బయటపెడుతుంది,
పట్టులో కలిపిన నూలుని, జరీ కాని జరీని.
ఓడల దగ్గర మాత్రం
అదీ చేతులెత్తేసింది.

మళ్లీ పైకెక్కాం, మోకాళ్లు తిట్టుకుంటూ.
అప్పుడడిగింది షమీమ్, నాకు తట్టని ప్రశ్న:
"వీటిల్లో ఏది ముందు పుట్టింది బాబూ?"
"నీలిమ, మేడమ్. ఆరేళ్లు పెద్దది.
అందుకే చాలామంది..." అని ఆగిపోయాడు.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.
కొత్త చీరకి జాకెట్టు ఎవరైనా ఇస్తారు.
ఎన్నో ఉతుకులు పడి, అంచు దగ్గర వెలిసి,
మడతల్లో మాత్రమే పాత రంగు దాచుకున్న చీర
సంచిలోంచి సిగ్గుపడుతూ బయటికొస్తే
దానికి ఈడైన ముక్క తీసివ్వాలి.
ఆ పనికే జగ్గయ్యపేట నుంచి కూడా
బస్సెక్కి వస్తారు మా దగ్గరికి.

"నీలిమ రాయి," అన్నాను.
ఆరేళ్లు ఉప్పునీళ్లలో ఉతికిన ఓడ,
మాకు సరిపోతుంది.

నీరజ కాగితం అక్కడే వదిలి రావాల్సింది.
ఎందుకో మడిచి పర్సులో పెట్టుకున్నాను.
రాత్రి అన్నాలయ్యాక తీసి చూస్తే
ఆ పిల్ల అలాగే నవ్వుతోంది, చిలకపచ్చ తువాలుతో,
మేం ఎక్కని ఓడలో,
మాకు తగలని గాలిలో.

పదిన్నరకి ఫోను.
"గదిలో రెండు మంచాలట. నీకు ఎడమదా, కుడిదా?"
నిద్రమత్తులో అనేశాను,
"ఏదైతేనేం, రెండూ ఒకటేగా."

అటువైపు కాసేపు చప్పుడు లేదు.
తర్వాత షమీమ్ గొంతు, కొట్లో గొంతు:
"గుమ్మంలోకి రా, చెబుతాను."