పదిహేడో నంబరు

అమగసాకి బజారు వీధిలో
బియ్యం కొట్టు మూసేస్తున్నారని తెలిసి
రాత్రి షిఫ్టు దిగి సరాసరి అటే వెళ్ళాను.
జేబులో వంద యెన్ల నాణేలు పదకొండు,
ఒంటి మీద ఇంకా బేరింగుల గ్రీజు వాసన.

షట్టరు పక్కనే ఉంది ఎర్ర యంత్రం.
చిన్నప్పుడు మాకు దాని పేరే దాని చప్పుడు:
తిప్పితే గాచా,
పడితే పోన్.

లోపల భరిణెలు. భరిణెల్లో
బొటనవేలంత రబ్బరు రోబోలు.
ఒంట్లో సగం తలే.
మెడ లేదు, మోకాళ్ళు లేవు,
కత్తి మాత్రం కాళ్ళకంటే పొడుగు.
టీవీలో ఊళ్ళు తగలబెట్టిన మహాయంత్రాలే ఇవి;
దయగల అచ్చుపనివాడెవడో
నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి
కోపాన్నంతా బుగ్గల్లోకి దింపేశాడు.
పేరుకి చెరిపే రబ్బరు.
రుద్దితే లెక్కల నోటు ఇంకా నల్లబడేది.

నలభై రెండింట్లో నలభై ఒకటి నా దగ్గరున్నాయి,
స్క్రూలు దాచుకునే అరల పెట్టెలో.
చేతికి డ్రిల్లున్న ఆకుపచ్చవాడైతే
తొమ్మిదిసార్లు వచ్చాడు, పిలవని చుట్టంలా.
పదిహేడు రాలేదు.
భరిణెలో దొరికే బొమ్మల కాగితంలో
మడత సరిగ్గా వాడి ముఖం మీదుగా పోయింది,
మూడో రోజుకే చిరిగింది.
మా వరసలో ముందు నిలబడే సెంజి
మూసిన పిడికిలి నా ముక్కు దగ్గర పెట్టి
"పదిహేడు ఇందులోనే ఉంది, చూపించను" అన్నాడు.
ఆ వేసవిలోనే వాళ్ళు ఊరు మారారు.
పిడికిలి అలాగే ఉండిపోయింది,
ముప్ఫై ఆరేళ్ళుగా.

"హికినో వాళ్ళ రెండో పిల్లవి కదూ"
కుమెజి తాత గుర్తుపట్టాడు.
తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు:
"డబ్బులొద్దు. మొత్తం పట్టుకుపో."
ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు.
తాళంచెవి తిరిగిచ్చేశాను.
"తిప్పుతాను, తాతా."
ఆయన నవ్వి లోపల్నించి పీట తెచ్చాడు.

ఏడు నాణేలు.
అందులో మూడు ఆకుపచ్చవాడికే.
ఎనిమిదో నాణేనికి పిడి బిగుసుకుపోయింది.
తాత లేచి, మొండి పిల్లాడి వీపు చరిచినట్టు
యంత్రం పక్కటెముకల మీద ఒకటి వేశాడు.

పోన్.

పచ్చబడ్డ భరిణె. ఆడించాను, చప్పుడు లేదు.
మెత్తటి రబ్బరు
గట్టి ప్లాస్టిక్కుని మెల్లగా తింటుంది,
చీకట్లో, వేడిలో, ఎవరూ తిప్పని ఏళ్ళలో.
బొమ్మ గోడకు కరిగి అతుక్కుంది.
వీధి దీపానికి ఎత్తి చూశాను:
చిన్న వీపు, వీపు మీద అచ్చు,
ఒకటి, ఏడు.
ముఖం అటువైపుంది,
మసకబారిన ప్లాస్టిక్కులో ముఖం ఆన్చుకుని
రైలు కిటికీలోంచి ఎవర్నో చూస్తున్నవాడిలా.
లాగితే వీపు నాకొస్తుంది,
ముఖం భరిణెకే ఉండిపోతుంది.

లాగలేదు.
కోటు లోపలి జేబులో వేసుకున్నాను.

"ఒకటి అప్పివ్వవా" అన్నాడు తాత.
నలభై ఏళ్ళు దీన్ని నింపాడట, తుడిచాడట,
ఒక్కసారీ తిప్పలేదట.
నాణెం ఇచ్చాను.
రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు,
తూకంలో గింజ పోకూడదన్నంత జాగ్రత్తగా.
భరిణె తెరవడానికి గోళ్ళు చాల్లేదు,
పళ్ళతో కొరికాడు.

అరచేతిలో నిలబెట్టుకుని
చాలాసేపు చూసి అడిగాడు:
"వీడెవడు?"

ఆకుపచ్చవాడు. డ్రిల్లు కాస్త వంగింది.

"మంచివాడు తాతా," అన్నాను.
"ఎప్పుడు పిలిచినా
అందరికంటే ముందు వచ్చేవాడు."