సగం మందికి పిండి

అలసట కాదిది. అలసటకి ముందొక పని ఉంటుంది:
కొండ మీంచి గొర్రెల్ని దించడమో, వల లాగడమో,
రాత్రంతా పసిదాన్ని భుజానేసుకు తిరగడమో.
దీనికి ముందేమీ లేదు.
నేను లేచేసరికే మంచం అంచున కూర్చుని ఉంటుంది
నాకంటే ముందే మేజోళ్ళు తొడుక్కుని.

పేగు సద్దుమణిగిందన్నాడు డాక్టర్ ఐవిన్.
లోపలికి కెమెరా పంపి ఫొటో తీశాడు,
చంటిబిడ్డ అంగిలిలా గులాబీ రంగు.
నెత్తురు బాగుంది. ఇనుము బాగుంది.
"మరి నేనెందుకు బాగాలేను?"
కిటికీలోంచి ఓడరేవు కేసి చూశాడు.
ఆ చూపు నాకు తెలుసు.
పడవ ఇవాళ బయల్దేరుతుందా అని అడిగితే మా ఆయన చూసే చూపు.

ఈ ఫారో దీవుల్లో, మా వీధిలోనే ముగ్గురం.
జబ్బుని ఎవరం పేరు పెట్టి పిలవం.
చర్చి విందులో మరుగుదొడ్డి దగ్గరి కుర్చీ
ఒకరికొకరం వదిలిపెడతాం, అంతే.

పగలు ఐదు గంటలే ఉండే డిసెంబర్లో
పెద్దాసుపత్రిలో ఓ పరీక్ష మొదలైంది.
విటమిన్ బి-వన్, పెద్ద మోతాదు, నాలుగు వారాలు.
సగం మందికి విటమిన్, సగం మందికి పిండి.
ఎవరికేదో డాక్టరుకీ తెలీదట.
నేనూ ఎదురింటి హేయినూ ఒకే బస్సులో
తెల్ల డబ్బాలు ఒళ్ళో పెట్టుకొచ్చాం,
కోడిగుడ్లు తెచ్చుకున్నంత జాగ్రత్తగా.

మొదటి మాత్ర నాలుక మీద కాసేపు ఉంచాను,
రుచి పట్టి దొంగని పట్టుకుందామని.
కాగితం రుచి.

రెండో వారం. మనవరాలు సున్నీవాకి స్వెట్టర్.
నలభై రెండు కుట్లు లెక్కపెట్టి
నలభై మూడో దగ్గర నిద్రపోయాను, సూదులు చేతిలోనే.
కళ్ళు తెరిచేసరికి ఓ కుట్టు జారి
నాలుగు వరసల కిందికి దిగిపోయింది,
నిచ్చెన దిగిన పిల్లిలా.

మూడో వారం హేయిన్ కంచె బాగుచేశాడు.
నాలుగో వారం లైట్‌హౌస్ దాకా నడిచొచ్చి
గాలి వాయించిన ఎర్రటి చెంపలతో మా గుమ్మంలో నిలబడ్డాడు.
"మందే, రాన్వా! నాకిచ్చింది మందే!"
అసూయ పడ్డాను. దాచను.
నాది పిండేనని ఖాయం చేసుకుని
గోడవైపు తిరిగి పడుకున్నాను.

వసంతంలో కవర్లొచ్చాయి.
నాది మందు. అతనిది పిండి.

రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని
కాఫీ చల్లారేదాకా మాట్లాడలేదు.
ముందు నాకు నవ్వొచ్చింది, పక్కటెముకలు పట్టేసేంత.
అతనికి కాస్త ఆలస్యంగా.
"మిగిలినవి ఏం చెయ్యను?"
"మింగు. లైట్‌హౌస్ అక్కడే ఉందిగా."

ఒక్కరిని బట్టి చెప్పలేమన్నాడు ఐవిన్ ఫోన్లో,
అందర్నీ కూడి భాగించాలట.
కూడండి. భాగించండి.
నేనుండేది మాత్రం ఈ ఒక్క ఒంట్లోనే.

ఇవాళ ఆ జారిన కుట్టుని కొక్కెంతో పట్టి
ఒక్కో వరసా పైకి తెచ్చాను.
మధ్యలో రెండుసార్లు పడుకున్నాను.
ఎడమ చెయ్యి పూర్తయింది.
ఈలోగా సున్నీవా చేతులు పెరిగే ఉంటాయి.